కష్టం లేనిదెవరికి?
ఇంటింటి సర్వేల్లో వికలాంగుల లెక్క గురించి

1

వెంగళరావు నగర్ కాలనీ వెనక సందుల్లో ఒక ఇంటి గడప ముందు నిలబడి నేను అడిగిన ప్రశ్నతో ఈ వ్యాసం మొదలుపెడతాను.

"మీ ఇంట్లో వికలాంగులు ఎవరన్నా ఉన్నారా అక్కా?"

ఆమె పనికి పోయే తొందరలో ఉంది. జూబ్లీహిల్స్‌లో రెండిళ్ళల్లో అంట్లు తోముతుంది. "ఎవ్వరు లేరు సారు" అన్నది. నేను 2 వేశాను. 2 అంటే లేరు. తరువాతి గడికి పోయాను.

రేషన్ కార్డు సంగతి రాసుకుంటుంటే లోపలి నుంచి ముసలి గొంతు మంచినీళ్ళడిగింది. ఎవరని అడిగాను.

"మా అత్త. రెండేండ్ల సంది మంచంలనే ఉంటది. పక్షవాతమొచ్చి ఒక చెయ్యి, ఒక కాలు పడిపోయినయి."

"మరి ఎవ్వరు లేరంటివి?"

"ఆమె ముసలామె సారు. వికలాంగురాలు ఎట్లయితది? ఆమెకు సర్టిఫికెట్ గూడ లేదు."

ఫెలోషిప్ డబ్బులు ఆగిపోయిన నెలల్లో ఇంటికింత అని కూలి తీసుకుని నేను చేసిన పని అది. సాయంత్రం సూపర్‌వైజర్‌కి ఈ సంగతి చెప్పాను. జవాబిచ్చినామె ఏం చెప్పిందో అదే రాయాలి, నువ్వు డాక్టరువి కాదు అన్నాడు. ఆయన చెప్పింది రూలు ప్రకారం తప్పు కాదు. 2 అట్లాగే ఉండిపోయింది. ఆ ముసలమ్మ మంచం కూడా అట్లాగే ఉండిపోయింది. ఇద్దరి మధ్యన అబద్ధం ఆడిన వాళ్ళు ఎవరూ లేరు. కోడలు నిజం చెప్పింది. నేను విన్నదే రాశాను. కానీ లెక్క తప్పయింది. నిజాలు మాత్రమే చెప్పుకుని తప్పు లెక్క ఎట్లా తయారవుతుంది అన్నదే ఇక్కడ నా ప్రశ్న.

మనం కథల్ని, కవితల్ని విమర్శించినట్టే సర్వే ఫారాన్ని కూడా విమర్శించాలి. ఫారం కూడా ఒక రచనే. దానికీ రాసినవాళ్ళున్నారు, వాళ్ళకొక కులం, ఒక చదువు, ఒక ఆరోగ్యం ఉన్నాయి. దానికీ ఒక ఊహించుకున్న పాఠకుడు ఉన్నాడు. ఆ పాఠకుడు ఇంటి యజమాని, గడప దగ్గరికి నడిచి రాగలిగినవాడు, చెవులు వినిపించేవాడు, ప్రశ్న అర్థం చేసుకుని జవాబు చెప్పగలిగినవాడు. అంటే వికలాంగుల గురించి అడిగే ప్రశ్న వికలాంగులు కానివాళ్ళ కోసం రాసింది. ముందు ఇది ఒప్పుకుంటే తరువాత అంకెల సంగతి మాట్లాడుకోవచ్చు.

2

లెక్కపెట్టడం మన దేశంలో కొత్త కాదు. బ్రిటిష్‌వాళ్ళు 1872 నుంచి 1931 దాకా జనాభా లెక్కల్లో పిచ్చివాళ్ళను, చెవిటి మూగవాళ్ళను, గుడ్డివాళ్ళను, కుష్ఠురోగులను లెక్కపెట్టారు. అదే లెక్కల్లో కులాల్నీ లెక్కపెట్టారు. 1931 తరువాత రెండు లెక్కలూ ఆగిపోయాయి. ఎస్సీ, ఎస్టీల పేర్లు తప్ప మిగతా కులాల లెక్క ఎట్లా లేకుండా పోయిందో వైకల్యం లెక్క కూడా అట్లా లేకుండా పోయింది. స్వతంత్ర దేశానికి తన ఒంటి మీద గాయాలు చూసుకోవడం ఇష్టం లేదనుకోవాలి.

మళ్ళీ 1981లో, అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరం అని, పూర్తిగా గుడ్డి, పూర్తిగా మూగ, పూర్తిగా కుంటి ఉన్నారా అని అడిగారు. "పూర్తిగా" అన్న మాట చూడండి. కొద్దిగా కనపడేవాడు లేడు, కర్ర పట్టుకుని నాలుగడుగులు వేసేది లేదు. ఆ లెక్కకు దేశం మొత్తం మీద 11 లక్షల మంది దొరికారు. అదే సంవత్సరం నేషనల్ శాంపుల్ సర్వే వాళ్ళు తమ 36వ రౌండులో శారీరక వైకల్యం ఒక్కదాన్నే చూస్తే సుమారు 1 కోటీ 20 లక్షల మంది తేలారు. ఒకే దేశం, ఒకే సంవత్సరం. ఒక ఫారం ప్రకారం 11 లక్షలు, ఇంకో ఫారం ప్రకారం కోటీ ఇరవై లక్షలు. మధ్యలో ఉన్న కోటి మంది మనుషులు ప్రశ్నలో ఒక మాట వల్ల మాయమైనవాళ్ళు.

1991 జనాభా లెక్కల్లో ఆ ప్రశ్నే తీసేశారు. 2001లో మళ్ళీ చేర్చారంటే వికలాంగుల సంఘాలు, జావేద్ అబిదీ లాంటివాళ్ళు ఢిల్లీలో పోరాడారు కాబట్టి. ఎవరూ దయ తలచి ఇచ్చింది కాదు.

ఇప్పుడు 2001, 2011 లెక్కల్ని పక్కపక్కన పెట్టి చూడండి. 2001లో దేశంలో 2 కోట్ల 19 లక్షల మంది వికలాంగులు, 2.13 శాతం. 2011లో 2 కోట్ల 68 లక్షలు, 2.21 శాతం. మొత్తం చూస్తే నెమ్మదిగా పెరిగినట్టే ఉంది. లోపల చూస్తే వేరే కథ. 2001లో చూపు సమస్య ఉన్నవాళ్ళు 1 కోటీ 6 లక్షలు. 2011లో 50 లక్షలు. పదేళ్ళలో 56 లక్షల మందికి చూపొచ్చిందా? అన్ని ఆపరేషన్లు ఎవరు చేశారు? ఎవరూ చేయలేదు. 2001లో ఒక కన్ను మాత్రమే పనిచేసేవాళ్ళను కూడా వికలాంగులుగా రాసుకోమన్నారు. 2011లో ఒక కన్ను బాగుంటే వికలాంగుడు కాదన్నారు. 2002 శాంపుల్ సర్వేలోనైతే చూపు లేనివాళ్ళు, తక్కువ ఉన్నవాళ్ళు కలిపి 28 లక్షల చిల్లరే.

వినికిడి సంగతి దీనికి తిరకాసు. 2001లో 12 లక్షల 60 వేలు, 2011లో 50 లక్షల పైన. 2001లో మిషన్ పెట్టుకుని వినగలిగినవాళ్ళను లెక్కలోకి తీసుకోలేదు, 2011లో తీసుకున్నారు. దేశం చెవులు పదేళ్ళలో పాడైపోలేదు, గణకుడి చేతిలో సూచనల పుస్తకం మారింది.

ఈ అంకెలు చూసి లెక్కలన్నీ దొంగలెక్కలు అనడం నా ఉద్దేశం కాదు. అట్లా అనడం తేలిక. లెక్క లేకపోతే మనకే నష్టం. నేను చెప్పేది ఒకటే, వైకల్యం ఒంట్లో ఉన్న వస్తువు అనుకుని దాన్ని ఏరుకుని రావచ్చు అనుకుంటే ఇట్లాగే ఉంటుంది. కులం ముఖం మీద రాసి ఉండదు, ఎదుటివాడు ఎట్లా చూస్తాడన్నదాంట్లో ఉంటుంది. వైకల్యం కూడా సగం ఒంట్లో, సగం మెట్లలో, బస్సులో, బాత్రూములో, ఎదుటివాడి నోట్లో ఉంటుంది. మన ఫారాలు ఒంటిని మాత్రమే అడుగుతాయి.

3

పేరు సంగతి కూడా చూడాలి. మా ఊళ్ళో మా వాడలో మనుషులకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంటే, ఊరు పిలిచే పేరు ఇంకొకటి. ఒకటి కులం పేరు, లేకపోతే కుంటోడు, గుడ్డిది, మెల్లకన్నోడు, మూగది. రెండు పిలుపులకూ ఉన్న పని ఒకటే, మనిషిని ఒక్క గుర్తులోకి కుదించడం. మా చిన్నాయనకు చిన్నప్పుడు పోలియో వచ్చింది. బడి రిజిస్టర్‌లో తప్ప ఆయన అసలు పేరు ఎక్కడా వాడుకలో లేదు. దొర ఇంటి ముందుకు పోతే ఆయన్ని కులం పేరుతోటి, కాలు పేరుతోటి కలిపి పిలిచేవాళ్ళు. అట్లాంటాయన ఒక సర్వే మనిషి ముందు "నేను వికలాంగుణ్ణి" అని తనంతట తాను ఎట్లా చెప్తాడు? తిట్టుగా విన్న మాటను జవాబుగా చెప్పమంటే ఎవరు చెప్తారు?

దీనికి ప్రభుత్వం కనిపెట్టిన మందు 2015 తరువాత వచ్చిన "దివ్యాంగులు" అనే మాట. ఇప్పుడు ఫారాల మీద, ఆఫీసు బోర్డుల మీద అదే ఉంది. దళితులకు ఇది చదవగానే ఏదో గుర్తు రావాలి. మనల్ని కూడా ఒకప్పుడు దేవుడి పేరు తగిలించి హరిజనులు అన్నారు. బావిలో నీళ్ళు ఇవ్వలేదు గాని పేరులో హరిని ఇచ్చారు. ఇప్పుడు ర్యాంపు కట్టని ఆఫీసు మెట్ల కింద కూచున్న మనిషికి దివ్యత్వం ఇచ్చారు. దేవుడి పేరు ఇచ్చే చోట హక్కు ఇవ్వట్లేదని మనకు అనుభవంతో తెలుసు. నేను వికలాంగులు అనే మాటే వాడుతున్నాను. అది కూడా మంచి మాట కాదు. కానీ సంఘం పెట్టుకున్నవాళ్ళు ఆ మాటతోనే పెట్టుకున్నారు.

4

వైకల్యం ఉందా అని అడగొద్దు, పని చేయడంలో ఇబ్బంది ఉందా అని అడగండి అని ప్రపంచంలో గణాంకాల వాళ్ళు ఇరవయ్యేళ్ళకు పైగా చెప్తున్నారు. ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం కింద పనిచేసే వాషింగ్టన్ గ్రూపు ఆరు ప్రశ్నలు తయారుచేసింది. చూడటం, వినడం, నడవడం లేదా మెట్లెక్కడం, గుర్తుపెట్టుకోవడం, స్నానం చేసి బట్టలు కట్టుకోవడం, మాట్లాడి అర్థం చేయించడం. జవాబులు నాలుగు. ఇబ్బంది లేదు, కొంచెం ఉంది, చాలా ఉంది, అసలు చేయలేను. వైకల్యం అన్న మాట ఎక్కడా రాదు. ఆలోచన మంచిది. ఇట్లాంటి పద్ధతులతో అడిగిన దేశాల్లో అంకె చాలా పెరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011 నివేదికలో ప్రపంచ జనాభాలో సుమారు 15 శాతం అన్నది. ప్రపంచ బ్యాంకు 2007లో భారతదేశం మీద రాసిన నివేదికలో మన దగ్గర 4 నుంచి 8 శాతం ఉండొచ్చు అన్నది. మన 2 శాతం లెక్క వీటి పక్కన పెడితే మన దేశమంత ఆరోగ్యంగా ఇంకే దేశమూ లేదనిపిస్తుంది.

నా సర్వే పని అయిపోయాక ఆ ఆరు ప్రశ్నలు నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకుని అదే సందుల్లో కొన్ని ఇళ్ళకు మళ్ళీ పోయాను. అది పరిశోధన కాదు, నా అనుమానం తీర్చుకోవడం. అక్కడ ఒక విషయం తెలిసింది. ఇంగ్లీషులో ఉన్న మాటకు తెలుగులో మనం "కష్టం" అని రాసుకుంటాం. "నడవడం, మెట్లెక్కడం కష్టమా?" అని అడిగాను. తాపీ పనికి పోయే ఒకామె నవ్వింది. మోకాళ్ళు వాచి ఉన్నాయి, గోడ పట్టుకుని లేచింది.

"కష్టం లేనిదెవరికి బిడ్డా? కష్టం చేయకపోతే ఎట్ల ఎల్తది?"

ఆమె నా ప్రశ్నను అర్థం చేసుకోలేదని చాలామంది అంటారు. నేను ఆమె మాటను అర్థం చేసుకోలేదని నాకు తరువాత తెలిసింది. మన తెలుగులో కష్టం అంటే బాధ, కష్టం అంటే కూలి. "కష్టం చేసుకుని బతికేటోళ్ళం" అని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఒళ్ళు నొప్పి కూలిలో భాగం అయినప్పుడు, ఇది కూలి నొప్పి, ఇది వైకల్యం నొప్పి అని విడదీసి చెప్పే తీరిక ఎవరికుంది? ఆమె ఇంకా మెట్లు ఎక్కుతోంది, తల మీద ఇసుక తట్టతో ఎక్కుతోంది. ఎక్కుతోంది కాబట్టి ఆమె లెక్క ప్రకారం ఇబ్బంది లేదు. అదే మోకాళ్ళు కాలనీలో ఒక రిటైర్డు ఆఫీసరుకు ఉంటే "చాలా ఇబ్బంది" అని రాసుకుంటాం, ఆయన అబద్ధమాడినట్టూ కాదు.

అమర్త్య సేన్ ఈ మాటనే ఇంకో రకంగా చెప్పాడు. జబ్బులు ఉన్నాయని చెప్పుకునేవాళ్ళు కేరళలో ఎక్కువ, బీహారులో తక్కువ. ఆయుష్షు చూస్తే కేరళలోనే ఎక్కువ. అంటే చదువు, ఆసుపత్రి ఉన్నచోట మనిషికి తన నొప్పి నొప్పిగా తెలుస్తుంది. లేని చోట అది రాత అనుకుంటాడు. కాబట్టి ప్రశ్నను మార్చితే చాలదు. కళ్ళద్దాలు పెట్టుకున్నా చూడటం ఇబ్బందా అని అడిగే ప్రశ్న కళ్ళద్దాలు ఉన్నవాళ్ళ కోసం రాసిందే కదా. సూదిలో దారం ఎక్కిస్తున్నావా, బియ్యంలో రాళ్ళు ఏరుతున్నావా, బస్సు మీద నంబరు చదువుతున్నావా, కూలి డబ్బులు లెక్కపెట్టుకుంటున్నావా అని అడిగితే జవాబు వేరేగా వస్తుంది. నేను అట్లా అడిగినప్పుడు వచ్చింది.

5

ఇక అవసరాల సంగతి. 2018 జూలై నుంచి డిసెంబరు దాకా జరిగిన శాంపుల్ సర్వే 76వ రౌండు వైకల్యం మీద పెద్ద సర్వే. 1,18,152 కుటుంబాలు, 5,76,569 మంది మనుషులు, అందులో 1,06,894 మంది వికలాంగులు. 2016 చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్ని దృష్టిలో పెట్టుకుని చేశారు. కష్టపడి చేసిన పని, గౌరవించాల్సిందే. దేశంలో 2.2 శాతం అన్నారు, మగవాళ్ళలో 2.4, ఆడవాళ్ళలో 1.9. ఆడవాళ్ళకు వైకల్యం తక్కువ అన్న అంకె చూడగానే నాకు ఆ కోడలి మాట గుర్తొచ్చింది. ఇంటి పని చేస్తున్నంతసేపు ఆడమనిషి వికలాంగురాలు కాదు, పని ఆగిపోతే ముసలిది.

ఆ సర్వేలో ఒక అంకె నన్ను చాలా రోజులు వదల్లేదు. వికలాంగుల్లో 62.1 శాతానికి చూసుకునే మనిషి ఉన్నారు. 37.7 శాతానికి చూసుకునే మనిషి అవసరం లేదు. అవసరం ఉండి మనిషి లేనివాళ్ళు 0.3 శాతం. అంటే వెయ్యిమందిలో ముగ్గురు. ఇది చదివితే మన దేశంలో వికలాంగులకు సేవ చేసేవాళ్ళ కొరతే లేదు. నిజమేనా?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పేది ఎవరు అని ఆలోచించండి. చాలా ఇళ్ళల్లో ఆ చూసుకునే మనిషే. ఆ కోడల్ని అడిగితే "నేను చూసుకుంటున్న" అంటుంది. ఉన్నారు అని కోడు పడుతుంది. పొద్దున ఆరింటికి అత్తకు మంచం మీదే కడిగి, బువ్వ పక్కన పెట్టి, గడియ బయట నుంచి వేసి జూబ్లీహిల్స్ పోయి మధ్యాహ్నం రెండింటికి తిరిగొస్తుంది. ఆ ఎనిమిది గంటలు ముసలామెకు ఎవరున్నారు? నీళ్ళు తాగితే ఒంటేలుకు పోవాల్సొస్తుందని ఆమె నీళ్ళే తాగదు. ఇది ఏ గడిలోకి వస్తుంది? కోడలు మూడో ఇల్లు పని మానుకుంది, నెలకు అంత కూలి పోయింది. ఇది ఏ గడిలోకి వస్తుంది? ఫారం మనిషి ఉన్నదా లేదా అని అడుగుతుంది, ఆ ఉండడానికి ఎవరు ఎంత చెల్లిస్తున్నారు అని అడగదు. పెద్దింటి వికలాంగుణ్ణి చూసుకునేది జీతం తీసుకునే మనిషి. ఆమె మన వాడల నుంచే పోతుంది. ఇక్కడ తన ఇంట్లో వికలాంగురాలికి గడియ పెట్టి అక్కడికి పోతుంది. రెండిళ్ళల్లోనూ "చూసుకునే మనిషి ఉన్నారు" అనే పడుతుంది.

అదే సర్వే ప్రకారం సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు 28.8 శాతం. ప్రభుత్వ సాయం అందినవాళ్ళు 21.8 శాతం. ఏ సాయమూ అందనివాళ్ళు 76.4 శాతం. సర్టిఫికెట్ లేకపోతే పింఛను లేదు, సర్టిఫికెట్ కావాలంటే 40 శాతం వైకల్యం తేలాలి. మన రాష్ట్రంలో 2009-10 నుంచి సదరం క్యాంపులు పెట్టి కంప్యూటర్‌లో ఎక్కించడం మొదలుపెట్టారు. అది ముందున్న పద్ధతి కంటే నయమే. కానీ క్యాంపుకు మంచంలో ఉన్న మనిషిని తీసుకుపోవడానికి ఆటో, ఇద్దరు మనుషులు, రెండు రోజుల కూలి కావాలి. ఎంత ఎక్కువ వైకల్యం ఉంటే సర్టిఫికెట్‌కు అంత దూరం. మన వాడల్లో దీని వల్ల ఇంకో భాష పుట్టింది. "ఆయనకు ఎనభై వచ్చింది, నాకు ముప్పైయెనిమిదే వచ్చింది" అంటారు, పరీక్ష మార్కులు చెప్పుకున్నట్టు. ఇంటికొచ్చి వైకల్యం ఉందా అని అడిగితే వాళ్ళకు వినపడేది పింఛను కాగితం ఉందా అని. ఆ కోడలు చెప్పిన జవాబు అదే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంకెలు ఇక్కడ ఉపయోగపడతాయి. 2001లో 13 లక్షల 65 వేలు, జనాభాలో 1.8 శాతం. 2011లో 22 లక్షల 67 వేలు, దాదాపు 2.7 శాతం. దేశం అంకె కదలకుండా ఉన్న పదేళ్ళలో మన అంకె ఇంత పెరిగింది. దీనికి ఒక్క కారణమే ఉందని అనను. కానీ ఆ పదేళ్ళలో ఏం జరిగిందో మనం మరిచిపోకూడదు. 2007లో మంద కృష్ణ మాదిగ చొరవతో వికలాంగుల హక్కుల పోరాట సమితి ఏర్పడింది. చేతికర్రలతో, మూడు చక్రాల బండ్లతో వేలమంది రోడ్డు మీదికి వచ్చారు. పింఛను 500 అయింది. తెలంగాణ వచ్చాక ఆసరా కింద 1,500 అయింది, 2019లో 3,016, 2023లో 4,016. దండోరా నడిపినవాళ్ళే వికలాంగుల జెండా పట్టుకోవడం యాదృచ్ఛికం కాదు. వికలాంగుణ్ణి అని చెప్పుకుంటే తిట్టు కాకుండా పక్కన నలుగురు నిలబడతారు అన్న ధైర్యం ఉద్యమం ఇచ్చింది. ధైర్యం వచ్చినచోట లెక్క పెరుగుతుంది. నా దృష్టిలో ఆ అంకెల్లో ఆ ధైర్యం కూడా ఉంది.

6

ఇప్పుడు కులం దగ్గరికి వస్తాను. 2011 జనాభా లెక్కల ప్రకారం వికలాంగులు ఎస్సీల్లో 2.45 శాతం, ఎస్టీల్లో 2.05 శాతం, మిగతావాళ్ళలో 2.18 శాతం. ఎస్సీల్లో ఎక్కువ ఉన్నదని మన వ్యాసాల్లో చాలామంది ఈ అంకె ఎత్తి చూపుతారు. మంచిదే. కానీ తేడా పావు శాతమేనా అని ఎదుటివాడు అంటే మన దగ్గర జవాబు ఉండాలి.

వైకల్యం వయసుతో పెరుగుతుంది. ఎక్కువ కాలం బతికేవాళ్ళలో ముసలితనపు చూపు, వినికిడి, కీళ్ళ సమస్యలు ఎక్కువ తేలుతాయి. తొందరగా చనిపోయేవాళ్ళలో అవి తేలవు. తేలకముందే మనిషి పోతాడు. కాబట్టి ముసలివాళ్ళు తక్కువగా మిగిలే కులంలో వైకల్యం శాతం తక్కువ ఉండాలి. అయినా ఎస్సీల్లో ఎక్కువ ఉందంటే, అసలు తేడా కనపడేదానికంటే పెద్దదన్న మాట. ఒకే వయసువాళ్ళను పక్కపక్కన పెట్టి చూస్తే గాని అది బయటపడదు. ఎస్టీల తక్కువ అంకెను చూసి అడవిలో ఆరోగ్యం బాగుందని ఎవరన్నా రాస్తే అది అమాయకత్వం. జబ్బుపడ్డ పిల్ల బతికితేనే వికలాంగురాలిగా లెక్కలోకి వస్తుంది. ఇది బతికి బయటపడ్డవాళ్ళ లెక్క మాత్రమే.

కారణం అని అడిగే దగ్గర కూడా ఫారం తెలివిగా తప్పించుకుంటుంది. పుట్టుకతో, జబ్బు వల్ల, గాయం వల్ల, ముసలితనం వల్ల. నల్లగొండలో మర్రిగూడ, మునుగోడు వైపు వంకర తిరిగిన ఎముకలకు కారణం జబ్బా? దాని పేరు ఫ్లోరైడు నీళ్ళు. మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాల్లో ఎముకల ఫ్లోరోసిస్ ఉందని 1937లోనే డాక్టర్లు రాశారు. అంశాల స్వామి ఆ శరీరంతోనే ఊరూరా తిరిగి నీళ్ళ కోసం కొట్లాడి 2023 జనవరిలో చనిపోయాడు. 2016 చట్టంలో 21 పేర్లు ఉన్నాయి, ఫ్లోరోసిస్ పేరు లేదు. కాళ్ళు చేతుల వైకల్యం కింద రాసుకుంటారు. మనిషి లెక్కలోకి వస్తాడు, నీళ్ళు లెక్కలోంచి తప్పించుకుంటాయి. డ్రైనేజీలో దిగి ఊపిరి చెడిపోయినవాడు, సినిమా సెట్టింగు మీదినుంచి పడి నడుం విరిగిన లైట్‌బాయ్ కూడా "గాయం", "జబ్బు" అనే మాటల కింద కలిసిపోతారు. మా సందుకు కాస్త పైనే సినిమా ప్రపంచం ఉంది. 1985లో "మయూరి" సినిమా తీసి కృత్రిమ కాలుతో నాట్యం చేసిన సుధాచంద్రన్‌ను చూపించారు, జనం చప్పట్లు కొట్టారు. సెట్టింగు కట్టి కాలు పోగొట్టుకున్న కూలివాడి మీద సినిమా రాదు, గడి కూడా రాదు.

ఇక్కడ మనల్ని మనం కూడా అడగాలి. కారంచేడు అంటే ఆరుగురు అంటాం, చుండూరు అంటే ఎనిమిది మంది అంటాం. దెబ్బలు తిని బతికినవాళ్ళ అంకె మన నోటికి రాదు. వాళ్ళ చేతులు, కాళ్ళు, కళ్ళు తరువాత ఏమయ్యాయని మనం ఎన్ని వ్యాసాలు రాశాం? మన మీటింగుల్లో గుడ్డి ప్రభుత్వం, చెవిటి అధికారులు, కుంటిసాకులు, అవిటి చట్టాలు అని ఎంత తేలిగ్గా అంటాం? నేనూ అన్నాను, రాశాను. కులం పేరును తిట్టుగా వాడితే కేసు పెట్టే మనం ఇంకొకరి శరీరాన్ని తిట్టుగా వాడుతున్నాం. సభ మేడ మీద పెడతాం, వికలాంగులు ఎవరూ రాలేదంటాం.

7

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో, 2019-21లో, వైకల్యం ప్రశ్న చేర్చారు. ఆరో విడతకు వచ్చేసరికి 2023లో తీసేశారు. 2018 శాంపుల్ సర్వే అంకెలు ఉన్నాయి, అవి తొందరగా మారవు అని కారణం చెప్పారు. మధ్యలో కరోనా వచ్చి పోయింది. అయినా మారవట. పైగా శాంపుల్ సర్వేలో పిల్లల పౌష్టికత, కాన్పులు, రక్తహీనత ఉండవు. ఆరోగ్య సర్వేలో వైకల్యం గడి ఉంటేనే వికలాంగురాలైన దళిత తల్లికి కాన్పు ఎక్కడ అయింది అని అడగొచ్చు. గడి తీసేస్తే ఆ ప్రశ్నే పుట్టదు. ప్రశ్న పుట్టకుండా చేయడం కంటే పెద్ద జవాబు ప్రభుత్వానికి ఏముంటుంది?

తెలంగాణలో 2014 ఆగస్టు 19న ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే చేశారు. లెక్కలో లేకపోతే రేషన్, పింఛను పోతాయేమోనని జనం ఎక్కడెక్కడి నుంచో ఊళ్ళకు పరుగెత్తారు. 2024 నవంబరు 6 నుంచి ఇంటింటి కుటుంబ సర్వే చేసి కులాల లెక్క తీశారు. 2027 జనాభా లెక్కల్లో కులం అడుగుతామని కేంద్రం 2025లో ప్రకటించింది. 1931 తరువాత జనాభా లెక్కల్లో మొదటిసారి కులమూ, వైకల్యమూ ఒకే కాగితం మీద పూర్తిగా కలిసే అవకాశం వస్తుంది. మాదిగ, మాల, రెల్లి, డక్కలి, చిందు అని విడివిడిగా, వయసుల వారీగా, ఆడ మగ వారీగా వైకల్యం పట్టిక వేయించుకోవాలి. ఎస్సీలు అని ఒక్క ముద్దగా ఇస్తే మళ్ళీ అడుగున ఉన్నవాళ్ళే కనపడరు. ఈ పట్టిక అడగాల్సింది మనమే. వికలాంగుల పెద్ద సంఘాలు కులం అడగవు, మన సంఘాలు వైకల్యం అడగవు, మధ్యలో ఉన్న మనిషి రెండు చోట్లా గడప బయటే ఉంటుంది.

ఇంకో మూడు సంగతులు అడగాలి. ఇంటికి ఒక్క ప్రశ్న వేసి పోవడం కాదు, ఇంట్లో ప్రతి మనిషి పేరు పెట్టి అడగాలి. వీలున్నంతవరకు ఆ మనిషినే అడగాలి, మంచం దగ్గరికి పోయి అడగాలి. అడిగేవాళ్ళలో వికలాంగులు, వాడల నుంచి చదువుకున్న పిల్లలు ఉండాలి. అవసరం అంటే బండి, కర్ర, మిషన్ అని జాబితా చదవడం కాదు. బాత్రూముకు ఎట్లా పోతున్నావు, రోజులో ఎన్ని గంటలు ఒక్కదానివే ఉంటున్నావు, నిన్ను చూసుకునే మనిషి దేనికోసం కూలి మానుకుంది అని అడగాలి. ఇవి కొత్త శాస్త్రమేమీ కాదు, పక్కింటామె అడిగే ప్రశ్నలే.

నేను ఆ ఇంటికి ఒక ఆదివారం మళ్ళీ పోయాను. చేతిలో ఫారం లేదు. కోడలు చాయ్ పెట్టింది. ముసలమ్మ మంచం పక్కన కూచుని, "అవ్వా, నీకేం కావాలె?" అని అడిగాను. ఆమె చాలాసేపు నా ముఖం చూసింది. ఈ మాట ఈ మధ్యన ఎవరూ అడిగినట్టు లేదు.

"బాత్రూం దాక గోడకు ఒక కట్టె కొట్టియ్యి బిడ్డ. పట్టుకోని నేనే పోత" అన్నది.

సందు చివర్లో వడ్రంగి పని చేసే తమ్ముడున్నాడు. ఆ సాయంత్రమే వచ్చి కొట్టాడు. దాంతో సమస్య తీరిందని నేను చెప్పట్లేదు. ఒక కట్టెకు అయిన ఖర్చు ఎంతో, దాని కోసం ఆమె రెండేళ్ళు ఎందుకు ఆగాల్సొచ్చిందో చెప్పడానికే ఇది రాశాను. 2027లో గణకులు మన వాడలకు వస్తారు. ఆ రోజు మనం గడప దగ్గర నిలబడి "ఎవ్వరు లేరు" అని చెప్పొద్దు. లోపలికి రమ్మని, మంచం దగ్గరికి తీసుకుపోయి, ఆమెనే మాట్లాడనిద్దాం.